ఏడు వంతెనల ఆయిలర్

ఉగాది నాడు తెల్లవారకముందే మన ఆడపడుచులు వాకిలి కడిగి ముగ్గు తీరుస్తారు. మెలికల ముగ్గు వేసేటప్పుడు చెయ్యి ఎత్తకుండా, వేసిన గీత మీద మళ్ళీ వేయకుండా, బయలుదేరిన చోటికే వచ్చి ముగించగలిగితే ఆ పిల్లను నేర్పరి అని మెచ్చుకుంటాము. అట్టి పని ఏ ముగ్గులో సాధ్యమో, ఏ ముగ్గులో ఎంత నేర్పరికైనా అసాధ్యమో, వేసి చూడకుండానే చెప్పగల సూత్రం ఒకటి ఉన్నది. దానిని కనిపెట్టినవాడు ముగ్గంటే ఏమిటో ఎరుగని దేశంలో పుట్టాడు. ఆయన పేరు లియోనార్డ్ ఆయిలర్.

స్విట్జర్లాండులో పుట్టి, ఇరవై నిండకుండానే ఊరు విడిచి, తక్కిన 56 సంవత్సరాలూ పరాయి రాజుల కొలువులో గడిపి, చివరకు రష్యాలో కన్నుమూసిన మనిషి ఆయన. ప్రవాసాంధ్రుల సంచికలో ఒక ప్రవాసి కథ ఉండడం సబబేనని తలచి ఆయన జీవితాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము. లెక్కలంటే బెదిరే పాఠకులు పేజీ తిప్పవద్దని మనవి. సరిసంఖ్య ఏదో, బేసిసంఖ్య ఏదో తెలిసినవారికి ఈ కథ అంతా తెలుస్తుంది.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి పాల్ ఆయిలర్ ప్రొటెస్టెంటు మతాచార్యుడు. తల్లి మార్గరెట్ బ్రుకర్ కూడా మతాచార్యుల ఇంటి ఆడపడుచే. బాసెల్ ప్రక్కనున్న రీహెన్ గ్రామంలో పిల్లవాడు పెరిగాడు. పదమూడవ ఏట విశ్వవిద్యాలయంలో చేరాడు. కొడుకు కూడా తనవలె మతాచార్యుడు కావాలని తండ్రి కోరిక. కాని ఆ ఊళ్ళోనే యోహాన్ బెర్నౌలీ అనే మహాగణితజ్ఞుడు ఉండేవాడు. ఆయన కోపిష్ఠి, తీరిక లేనివాడు. వేరే పాఠాలు చెప్పనన్నాడు గాని, పుస్తకాలు సొంతంగా చదువుకొని, అర్థం కాని చోట్లు గుర్తు పెట్టుకొని, శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నాడు. వారమంతా కష్టపడి సందేహాలను తగ్గించుకొని శనివారం గురువు గారి గడప తొక్కడమే ఆయిలర్ చదువు. అంతకన్న మంచి పాఠశాల ఉండదని మా అభిప్రాయం. కుర్రవాని తెలివి చూచి బెర్నౌలీయే తండ్రిని ఒప్పించాడు.

1727లో పారిస్ విద్వత్పరిషత్తు ఓడ మీద తెరచాప స్తంభాలు ఎక్కడ నిలపాలన్న విషయం మీద పోటీ పెట్టింది. సముద్రం ఎరుగని బాసెల్‌లో పెరిగి, సముద్రపు ఓడను కంటితో చూడకుండానే ఆయిలర్ వ్యాసం వ్రాసి గౌరవస్థానం పొందాడు. అదే సంవత్సరం బాసెల్‌లో భౌతికశాస్త్రాచార్య పదవి ఖాళీ అయింది. ఆయిలర్ దరఖాస్తు పెట్టుకున్నాడు. రాలేదు. సొంత ఊళ్ళో ఉద్యోగం దొరికి ఉంటే ఆయన ఎక్కడికీ కదిలేవాడు కాడేమో! మన పూర్వులలో ఎందరి కథ ఇట్లే మొదలయిందో ఈ సంచిక చదివే కుటుంబాలకు మేము వేరే చెప్పనక్కరలేదు.

గురువు గారి కుమారులు ఇద్దరు అప్పటికే రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా పెట్టిన విద్వత్పరిషత్తులో ఉద్యోగాలకు వెళ్ళారు. వారిలో నికోలస్ అక్కడే మరణించాడు. మిగిలిన డేనియల్ మాట సాయంతో ఆయిలర్‌కు పిలుపు వచ్చింది. ఉద్యోగం శరీరశాస్త్రంలో! అయినా సరేనని, ఆ శాస్త్రం కాస్త చదువుకొని, 1727 ఏప్రిల్ 5న, ఇరవయ్యవ పుట్టినరోజుకు పది రోజుల ముందు, రైన్ నది మీద పడవ ఎక్కాడు. ఆ తరువాత బాసెల్ గడ్డ మీద ఆయన మరి కాలు పెట్టలేదు.

దారిలో ఆరు వారాలు పట్టింది. రష్యాలో కాలు పెట్టిన నాడే అక్కడి మహారాణి మొదటి కేథరిన్ కాలం చేసింది. పరిషత్తు ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి. జీవనానికి రష్యా నౌకాదళంలో వైద్యవిభాగంలో కూడా పని చేశాడు. 1730లో భౌతికశాస్త్రాచార్యుడు అయ్యాడు. 1733లో డేనియల్ బెర్నౌలీ ఆ చలినీ ఆ కొలువు రాజకీయాలనూ భరించలేక బాసెల్‌కు తిరిగిపోతే, గణితశాస్త్ర పీఠం ఆయిలర్‌కు దక్కింది. మరుసటి ఏడు జనవరిలో కాథరినా గ్సెల్ అనే కన్యను వివాహమాడాడు. ఆమె తండ్రి పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన స్విస్ చిత్రకారుడు. ఊరు విడిచినా సంబంధం మాత్రం మనవాళ్ళలోనే! వారికి పదముగ్గురు పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దవారయినది ఐదుగురే.

ఇక వంతెనల సంగతి. బాల్టిక్ సముద్రతీరం దగ్గర, ప్రష్యా రాజ్యంలో కోనిగ్స్‌బర్గ్ అనే నగరం ఉండేది. ప్రెగెల్ నది ఆ ఊరి మధ్యగా రెండు పాయలై పారుతుంది. నడుమ క్నైఫోఫ్ అనే లంక. లంకకు తూర్పున రెండు పాయల మధ్య మరొక భూభాగం. ఉత్తరాన ఒక ఒడ్డు, దక్షిణాన ఒక ఒడ్డు. వెరసి నాలుగు ప్రదేశాలు. లంక నుండి ఉత్తరపు ఒడ్డుకు రెండు వంతెనలు, దక్షిణపు ఒడ్డుకు రెండు, తూర్పు భూమికి ఒకటి. తూర్పు భూమి నుండి ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి. మొత్తం ఏడు. ఏ వంతెననూ రెండు సార్లు దాటకుండా, ఒక్కదానినీ విడవకుండా ఊరంతా తిరిగి రావడం సాధ్యమా అని అక్కడి జనం వాదులాడుకునేవారు. ఎవరూ తిరగలేకపోయారు. అసాధ్యమని నిరూపించినవారు కూడా లేరు.

ఈ ప్రశ్న ఆయిలర్ దాకా వచ్చింది. దీనిని గూర్చి ఆయనకు జాబు వ్రాసినవారిలో డాన్జిగ్ నగరాధ్యక్షుడు ఎహ్లర్ ఒకడు. దీనికీ గణితానికీ పెద్ద సంబంధం లేదని, కావలసింది కేవలం తర్కమేనని ఆయిలర్ ఆయనకు బదులు వ్రాశాడు.  1735 ఆగస్టు 26న పరిషత్తు ముందు తన పరిష్కారం ఉంచాడు. 1736 నాటి సంపుటంలో చేర్చిన ఆ వ్యాసం 1741లో అచ్చయింది.

దారులన్నీ ఒక్కొక్కటిగా వ్రాసి చూడడం ఒక పద్ధతి. ఆయిలర్ దానిని తలచి, శ్రమ ఎక్కువని వెంటనే ప్రక్కకు నెట్టాడు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి, మళ్ళీ వస్తుంది. ఆయన పట్టుకున్న కీలకం ఇది. ఒక ప్రదేశంలోకి వచ్చి వెళ్ళడానికి రెండు వంతెనలు ఖర్చవుతాయి, రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి. కనుక నడక మొదలయ్యే చోటు, ముగిసే చోటు తప్ప తక్కిన ప్రతిచోటా వంతెనలు సరిసంఖ్యలో ఉండి తీరాలి. కోనిగ్స్‌బర్గ్‌లో లంకకు ఐదు, మిగిలిన మూడు చోట్లకూ మూడేసి. నాలుగూ బేసే. కాబట్టి నడక అసాధ్యం. బేసి చోట్లు అసలు లేకపోతే బయలుదేరిన చోటికే రావచ్చు. రెండు ఉంటే ఒకదానిలో మొదలై రెండవదానిలో ముగుస్తుంది. అంతకు మించితే ఆశ వదులుకోవలసిందే. ప్రతి వంతెనకూ రెండు కొనలు గనుక బేసి చోట్లు ఎప్పుడూ జంటలుగానే ఉంటాయి. ఒంటరిగా ఒకటి ఉండదు.

వీధుల పొడవు, నది వెడల్పు, మలుపులు ఏవీ ఇందులో అక్కరలేదు. ఏది దేనితో కలిసి ఉన్నదన్నదే ముఖ్యం. ఇట్టి గణితం అంతకు ముందు లేదు. ప్రదేశాలకు చుక్కలు, వంతెనలకు గీతలు పెట్టి బొమ్మ గీయడం తరువాతివారు చేసిన పని. ఆ చుక్కల–గీతల బొమ్మనే నేడు గ్రాఫు అంటున్నారు.

1738లో ఆయిలర్ కుడికన్ను పోయింది. మూడేళ్ళ క్రితం వచ్చిన తీవ్రజ్వరం కారణమని నేటివారి ఊహ. రష్యాలో 1740లో మహారాణి ఆన్నా మరణించి దర్బారులో కల్లోలం రేగగా, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పిలుపు మీద 1741లో కుటుంబంతో బెర్లిన్ చేరాడు. అక్కడ 25 సంవత్సరాలు. 1748లో గురువు బెర్నౌలీ మరణించినప్పుడు బాసెల్ ఆ పీఠాన్ని ఆయిలర్‌కే ఇవ్వజూపింది. ఒకప్పుడు కాదన్న ఊరు ఇప్పుడు రమ్మంటే ఆయన వెళ్ళలేదు. అలిగాడని మేము అనుకోము. పెద్ద సంసారంతో బెర్లిన్‌లో స్థిరపడినవాడు. తండ్రి పోయిన పిమ్మట, 1750లో ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఎదురు వెళ్ళి తల్లిని తన ఇంటికి తెచ్చుకున్నాడు. 1761లో ఆమె కన్నుమూసేదాకా కొడుకు ఇంటనే ఉన్నది. బాసెల్ యాస ఆయన నోటి నుండి కడదాకా పోలేదట.

ఫ్రెడరిక్ రాజుకు ఫ్రెంచి మాటకారితనం మీద మోజు. ఆయిలర్ నిరాడంబరుడు, దైవభక్తుడు, ఇంటిపట్టున పిల్లల నడుమ కూర్చొని లెక్కలు వ్రాసుకునే మనిషి. ఒంటికన్ను రాక్షసుడని రాజు ఆయనను ఎగతాళి చేసేవాడు. రాజభవనపు తోటలో ఫౌంటెన్ పనిచేయకపోతే నింద గణితం మీద పడింది. గొట్టాల విషయంలో ఆయిలర్ ఇచ్చిన సలహా కట్టేవారు పాటించలేదని తరువాతి పరిశోధకులు తేల్చారు.

బెర్లిన్‌లో ఉన్న కాలంలోనే ఆయిలర్ మరొక చిన్న వినోదాన్ని చేపట్టాడు. చదరంగం బల్ల మీద గుర్రాన్ని దాని నడకలోనే నడిపిస్తూ 64 గళ్ళనూ ఒక్కొక్కసారే తాకించడం ఎట్లా అని. మన సంస్కృత ఆలంకారికుడు రుద్రటుడు 9వ శతాబ్దంలోనే సగం బల్లకు తురగపదబంధం కూర్చి శ్లోకంలో పొదిగాడు. ఆయిలర్ దీనిని శాస్త్రంగా విచారించి, సగంలో చిక్కుకున్న గుర్రపు దారిని కొద్దికొద్దిగా సరిదిద్దుతూ పూర్తిచేసే ఉపాయాలు చెప్పాడు. 1759 సంవత్సరపు బెర్లిన్ పరిషత్ సంపుటంలో చేరిన ఈ వ్యాసం 1766లో అచ్చయింది. వంతెనల లెక్కలో ప్రతి గీతనూ ఒక్కసారి దాటాలి. గుర్రపు లెక్కలో ప్రతి చుక్కనూ ఒక్కసారి తాకాలి. వినడానికి రెండూ అన్నదమ్ములవలె ఉన్నాయి. కాని మొదటిదానికి ఒక్కమాటలో సూత్రం చెప్పిన ఆయిలర్ రెండవదానికి చెప్పలేకపోయాడు. ఆ తేడా ఎంత లోతైనదో తెలియడానికి మరి రెండు వందల ఏళ్ళు పట్టింది.

1766లో రెండవ కేథరిన్ పిలిపించగా ఆయిలర్ రష్యాకు తిరిగి వెళ్ళాడు. ఫ్రెడరిక్ ఒక పట్టాన వదలలేదు. చివరకు వదిలినా, ప్రష్యా సైన్యంలో ఉన్న ఆయన చిన్న కొడుకును ఆపి ఉంచాడు. కేథరిన్ జోక్యం చేసుకొన్న తరువాతనే ఆ కుర్రవాడు కుటుంబాన్ని కలుసుకున్నాడు. పీటర్స్‌బర్గ్ చేరిన కొద్దికాలానికే ఎడమకంటికి పొర కమ్మింది. 1771లో శస్త్రచికిత్స చేస్తే కొద్దిరోజులు చూపు వచ్చి, మళ్ళీ పోయింది. అదే సంవత్సరం నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కూడా అంటుకున్నది. కన్ను కనబడని వృద్ధుడు లోపల ఉండిపోయాడు. పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి చొరబడి ఆయనను మోసుకొని బయటకు తెచ్చాడు. ఈ గ్రిమ్ బాసెల్ నుండి వచ్చినవాడే. వ్రాతప్రతులు చాలావరకు దక్కాయి.

చూపు పోయిన తరువాత ఆయన పని తగ్గలేదు సరికదా పెరిగింది. ఆయన జీవితకాలపు రచనలలో సుమారు సగం ఈ చివరి పదిహేడేళ్ళలో వెలువడినవే. మనసులోనే లెక్క కట్టి, పెద్ద కొడుకు యోహాన్ ఆల్బ్రెష్ట్ చేతా, శిష్యుల చేతా వ్రాయించేవాడు. దర్జీపని నేర్చిన ఒక కుర్రవానికి బీజగణితగ్రంథం చెప్పి వ్రాయిస్తే, వ్రాస్తూ వ్రాస్తూ ఆ కుర్రవాడు బీజగణితమంతా నేర్చాడని చెబుతారు. 1773లో బాసెల్ నుండి నికోలస్ ఫుస్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు వచ్చి ఆయనకు కన్నయ్యాడు. తరువాత ఆ ఇంటి మనుమరాలిని పెండ్లాడాడు. అదే 1773లో భార్య కాథరినా మరణించింది. మూడేళ్ళకు ఆమె చెల్లెలి వరుస అయిన సలోమెను ఆయన చేసుకున్నాడు.

1783 సెప్టెంబరు 18న, కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహపు కక్ష్యను గూర్చి శిష్యుడు లెక్సెల్‌తో మాట్లాడి, మనుమనితో ఆడుకుంటూ ఉండగా మెదడులో రక్తనాళం చిట్లి ఆయిలర్ పడిపోయాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. వయస్సు 76. ఆయన రచనల పట్టికలో 866 అంశాలు ఉన్నాయి.

మనిషి పోయినా వంతెనల కథ ఆగలేదు. బేసి చోట్లు లేకపోతే నడక తప్పక దొరుకుతుందన్న రెండవ సగానికి ఆయిలర్ పూర్తి నిరూపణ ఇవ్వలేదు. ఆ లోటును హియర్‌హోల్జర్ అనే జర్మను యువకుడు పూరించగా, అతడు చనిపోయిన పిమ్మట 1873లో అది అచ్చయింది. ఇక కోనిగ్స్‌బర్గ్ మీద 1944 ఆగస్టులో బ్రిటిషు విమానాలు బాంబులు కురిపించాయి. లంక నుండి ఉత్తరానికి ఉన్న రెండు వంతెనలలో ఒకటి, దక్షిణానికి ఉన్న రెంటిలో ఒకటి యుద్ధంలో పోయాయి. యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలలో అక్కడి జర్మను జనం ఊరు విడిచిపోవలసి వచ్చింది. 1946లో ఊరి పేరు కూడా మారి కలినిన్‌గ్రాడ్ అయింది.

ఇక్కడ ఒక కొత్త ప్రశ్న పుడుతుంది. నడక సాధ్యం కావాలంటే ఏ వంతెనలు తీసివేయాలి? కోనిగ్స్‌బర్గ్‌లో ఎక్కడో మొదలై మరెక్కడో ముగిస్తే చాలుననుకుంటే ఏ ఒక్కదానిని తీసినా సరిపోతుంది, బేసి చోట్లు రెండే మిగులుతాయి గనుక. బయలుదేరిన చోటికే రావాలంటే రెండు తీయాలి. ఉదాహరణకు, లంక–ఉత్తరం మధ్య ఒకటి, దక్షిణం–తూర్పు మధ్య ఒకటి. అప్పుడు నాలుగు చోట్లా సరిసంఖ్య వస్తుంది. బాంబులు కూడా రెండింటినే కూల్చాయి. కాని రెండూ లంకకు చెందినవి కావడంతో లంక బేసిగానే ఉండిపోయింది.

ఏడు వంతెనలకు తీసే విధానాలన్నీ వ్రాసినా 128. పెద్ద బొమ్మ అయితే? 60 వంతెనలు ఉంటే, సెకనుకు పది కోట్ల విధానాలు పరీక్షించే కంప్యూటరుకు కూడా సుమారు 365 సంవత్సరాలు కావాలి. ఒక్క వంతెన పెరిగితే కాలం రెట్టింపు. అన్నీ వ్రాసి చూడడాన్ని ఆయిలర్ ఎందుకు త్రోసిపుచ్చాడో ఇప్పుడు మరింత బోధపడుతుంది. అన్ని చోట్లా సరిసంఖ్య వస్తే చాలునంటే సులభమార్గం ఉన్నది. బేసి చోట్లను జంటలు జంటలుగా కట్టి, ఒక్కొక్క జంట మధ్య ఒక దారిలోని వంతెనలు తీసివేయాలి. దారి నడుమ ఉన్న చోట్లకు రెండేసి పోతాయి కనుక వాటి లెక్క చెడదు. మొత్తం మీద అతి తక్కువ వంతెనలు పోయేట్లు జంటలు కలపడమెట్లా? జాక్ ఎడ్మండ్స్ 1965లో జంటలు కూర్చే వేగవంతమైన పద్ధతి కనిపెట్టాడు. 1973లో ఎల్లిస్ జాన్సన్‌తో కలిసి దానిని ఇట్టి నడకల లెక్కలకు అన్వయించాడు. వేల చుక్కల బొమ్మకైనా కంప్యూటరు ఈ పని చిటికెలో చేస్తుంది.

కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. రెండు పేటలను కలిపే వంతెన ఒక్కటే ఉండి, దాని రెండు కొనలూ బేసి అయితే, ఈ లెక్క దానినే తీసివేయమంటుంది. సంఖ్యలు చక్కబడతాయి, ఊరు రెండు ముక్కలవుతుంది. తీసివేసిన తరువాత కూడా ఊరంతా కలిసే ఉండాలన్న ఒక్క షరతు చేర్చితే సులభమైన లెక్క ఒక్కసారిగా మహాకఠినం అయిపోతుంది.

ఎందుకంటారా? ప్రతి చుక్కకూ సరిగ్గా మూడేసి గీతలు ఉన్న బొమ్మను తీసుకోండి. సరిసంఖ్య కావాలంటే ప్రతి చుక్కా ఒక గీతను వదులుకోవాలి. మూడూ వదులుకుంటే అది వెలి అయిపోతుంది. మిగిలేది ప్రతి చుక్కకూ రెండేసి గీతలు. అవన్నీ కలిసే ఉండాలంటే, అన్ని చుక్కలనూ ఒక్కొక్కసారి తాకి మొదటికి వచ్చే ఒకే ఒక వలయం కావాలి. ఇది ఆయిలర్ చదరంగపు గుర్రం నడిచిన దారి కాక మరేమిటి? అట్టి వలయాన్ని వెదికే సమస్యను రిచర్డ్ కార్ప్ 1972లో ప్రకటించిన 21 కఠిన సమస్యల పట్టికలో చేర్చాడు. మూడేసి గీతల బొమ్మలలో కూడా ఆ కాఠిన్యం తగ్గదని గేరీ, జాన్సన్, టార్జాన్ అనే ముగ్గురు 1976లో చూపారు. ఈ కుటుంబానికి ఎన్‌పీ-కంప్లీట్ అని పేరు. వీటిలో ఏ ఒక్కదానికి వేగమైన పద్ధతి దొరికినా అన్నింటికీ దొరికినట్లే. దొరుకుతుందో, దొరకనే దొరకదో తేల్చినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని అమెరికాలోని క్లే గణితసంస్థ 2000లో ప్రకటించింది. అది ఇంతవరకు ఎవరికీ అందలేదు. తీయవలసిన గీతలు కొద్దిగానే ఉంటే, బొమ్మ ఎంత పెద్దదైనా పని జరుగుతుందని 2011లో ఐదుగురు పరిశోధకులు నిరూపించడం కొంత ఊరట.

పీటర్స్‌బర్గ్‌లో ఆయిలర్ అస్థికలను 1956లో అలెగ్జాండర్ నెవ్‌స్కీ మఠపు శ్మశానవాటికకు మార్చారు. కలినిన్‌గ్రాడ్‌లో పాత వంతెనలలో మరి రెండింటి స్థానంలో లంక మీదుగా పెద్ద రహదారి వంతెన వేశారు. అది రెండు ప్రక్కలా కలుపుతుంది గనుక లెక్కకు రెండుగానే నిలుస్తుంది. తరువాత కొత్తగా కట్టిన వంతెనలను విడిచి, ఆయిలర్ నాటి ఏడింటి వరకే చూస్తే మిగిలినవి ఐదు. పిల్లలు కాగితం మీద గీసుకొని చూడవచ్చు. లంకలో బయలుదేరి ఉత్తరపు ఒడ్డుకు, అక్కడి నుండి తూర్పు భూమికి, తూర్పు నుండి దక్షిణపు ఒడ్డుకు, దక్షిణం నుండి మళ్ళీ లంకకు, లంక నుండి చివరి వంతెన మీద తూర్పు భూమికి. ఐదూ పూర్తి అయ్యేసరికి మనము నిలిచేది తూర్పు భూమి మీద. బయలుదేరిన లంకకు తిరిగి రావడానికి దాటని వంతెన ఒక్కటీ మిగలదు.